నరహరి సార్ చెప్పకుండా పోయిన మాట

బాన్సువాడ ఉన్నత పాఠశాలలో ముప్పై ఏళ్ళకు పైగా గణితం బోధించిన నరహరి సార్ మొన్న శనివారం తెల్లవారుజామున పరమపదించారు. వార్త చెవిన పడగానే నేను చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడ్డాను. ఇలాంటి వ్యాసాల్లో దిగ్భ్రాంతి అని రాస్తారు. నాకు కలిగింది దిగ్భ్రాంతే, కాని ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది. మర్నాడు ఆదివారం ఆయన నాతో పాటు ఒక తండాకు వచ్చి, అక్కడొక వృద్ధుడికి ఒక్క మాట చెప్పాల్సి ఉంది. అది చెప్పకుండానే వెళ్ళిపోయాడు మహానుభావుడు.

సంస్మరణ సంచిక వేస్తున్న పూర్వ విద్యార్థులు నన్ను రెండు మంచి మాటలు రాయమన్నారు. ఆయన శిష్యురాలిని, పైగా ఆయన కూర్చున్న కుర్చీలోనే ఇప్పుడు గణితోపాధ్యాయినిగా కూర్చుంటున్నాను కాబట్టి నాకంటే అర్హులు లేరట. సరే, రాస్తున్నాను. అచ్చు వేస్తారో, చించి పారేస్తారో వారి ఇష్టం.

మంచి మాటలు ముందే చెప్పేస్తాను, తొందరగా అయిపోతాయి. సమయపాలనలో ఆయనకు సాటి లేదు. గంట కొట్టకముందే గుమ్మంలో ఉండేవారు. నల్లబల్ల మీద ఆయన దస్తూరి చూడముచ్చటగా ఉండేది. ట్యూషన్ అనే మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. ఈ చుట్టుపక్కల ఇంజినీర్లైన వారిలో చాలామంది ఆయన చేతి దెబ్బలు తిన్నవారే. ఈ గుణగణాలను మిగతా వ్యాసాల్లో ఎలాగూ పొగుడుతారు.

రెండు వైపులా x ఉన్న సమీకరణాలు చెప్పేటప్పుడు ఆయనది ఒకటే సూత్రం. "అక్షరాలు ఎడమకు, అంకెలు కుడికి. పక్షం మారితే గుర్తు మారాలె." గుర్తు ఎందుకు మారుతుందని అడిగితే, "మారుతది, గంతే" అనేవారు. నేను ఇప్పుడు పిల్లలకు వడ్లు తూచే కాటా చూపించి చెబుతాను. రెండు తట్టల్లోంచీ సమానంగా తీస్తే ముల్లు కదలదు, అంతే సంగతి. x ఎడమనే ఉండాలన్న నియమం ఏ శాస్త్రంలోనూ లేదు. ఆయన మాత్రం x కుడి వైపుకు చేరిందంటే, జవాబు సరైనదే అయినా సున్నా చుట్టేవారు. వచ్చిన జవాబును x స్థానంలో రెండు వైపులా పెట్టి సరిచూడటం ఆయన దృష్టిలో కాలహరణం. "నా మీద నమ్మకం లేదా?" అనేవారు.

ఎనిమిదో తరగతిలో నా పక్కన కమ్లి కూర్చునేది. తండా నుంచి నడిచి వచ్చేది. తరగతి మొత్తంలో జవాబును సరిచూసే అలవాటు ఆ ఒక్కదానికే ఉండేది. ఒకరోజు తనిఖీకి వచ్చిన అధికారి వెనక బెంచీలో కూర్చున్నారు. సార్ బోర్డు మీద 7x − 5 = 3x + 11 అని రాశారు. పక్షాలు మార్చి 7x − 3x = 11 − 5 అన్నారు. x విలువ ఒకటిన్నర అని తేల్చారు. మైనస్ ఐదు కుడికి పోతే ప్లస్ ఐదు కావాలి. గుర్తు మారాలని ఊదరగొట్టిన మనిషి తానే మార్చడం మరిచాడు.

కమ్లి లేచి నిలబడింది. "సార్, సరిపోతలేదు. ఎడమ దిక్కు అయిదున్నర వస్తుంది, కుడి దిక్కు పదిహేనున్నర వస్తుంది. x నాలుగు గావాలె సార్."

సార్ బోర్డు తుడిచేశారు. "ఏంది, నాకే నేర్పుతున్నవా?" అని ఆ పూటంతా దాన్ని బయట నిలబెట్టారు. మర్నాడు దాని తండ్రి రూప్లాను పిలిపించి, మా అందరి ముందూ, "నీ బిడ్డకు లెక్కలు రావు. రానే రావు. ఊకె టైం దండగ" అన్నారు. రూప్లా చేతులు కట్టుకొని విన్నాడు. ఆ వారమే కమ్లి బడి మానేసి చెరకు కొట్టడానికి పోయింది. నా నోట్సులో కూడా జవాబు నాలుగే వచ్చింది. నేను నోరు విప్పలేదు. కాలువ కింద వరి వేసుకోవడానికి కోస్తా నుంచి వచ్చిన కుటుంబం మాది, నన్ను సార్ మంచి పిల్ల అనేవారు. ఆ మంచితనం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

భర్త పోయాక కమ్లి తండ్రి దగ్గరే ఉంటోంది. దాని కూతురు అనిత నా దగ్గరే పదో తరగతి చదివింది. లెక్కల్లో దిట్ట. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకుంటానంటే తాత ఒప్పుకోలేదు. "మన ఇంట్ల లెక్కలు రావు బిడ్డా. మీ అమ్మకు రాలే, సారే చెప్పిండు. ఫెయిలై ఇజ్జత్ పోగొట్టుకుంటవ్" అంటాడు. లెక్కలు లేని గ్రూపైతే సరే. ఆ ఇంట్లో ఆయన మాట ఎవరూ దాటరు. నేను రెండుసార్లు పోయి నచ్చజెప్పాను. నవ్వి చాయ్ పోయించాడు, అంతే.

చివరికి సార్ ఇంటికే వెళ్ళి ఆ రోజు సంగతి ఎత్తాను. మరిచిపోయి ఉంటారనుకున్నాను.

"నాకు గా రోజే తెలుసమ్మా," అన్నారు. "బోర్డు తుడుస్తుంటెనే తెలుసు. పిల్ల చెప్పింది కరెక్టే."

"మరి రూప్లాతో అలా ఎందుకన్నారు సార్?"

"వెనక పెద్ద సాబు కూసున్నడు గదా. నా ఇజ్జత్ ఏం గావాలె?"

తెలియక చేశాడనుకుంటూ ఇన్నేళ్ళు సగం క్షమించాను. ఆ సగం కూడా అక్కడే వాపసు తీసుకున్నాను. తండాకు వచ్చి రూప్లాకు ఆ మాట చెప్పమన్నాను. "ఆదివారం వస్త" అన్నారు. మొదటి ఆదివారం మోకాళ్ళ నొప్పులు. రెండో ఆదివారం బంధువులు. మూడో ఆదివారం తప్పకుండా అన్నారు. ఆటో కూడా మాట్లాడి పెట్టాను.

అంత్యక్రియల మర్నాడు నేనే తండాకు వెళ్ళి, సార్ నాతో అన్నదంతా అక్షరం పొల్లుపోకుండా రూప్లాకు చెప్పాను. ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

"నీతోని అన్నడేమో. నాతోనైతే గట్ల అనలే. పోయినోళ్ళ మీద గసొంటి మాటలు అనొద్దు బిడ్డా. దేవుడసొంటి సారు," అని రెండు చేతులూ జోడించాడు. తలుపు పక్కన నిలబడి వింటున్న అనిత చేతిలోని కాలేజీ ఫారం మడతపెట్టి లోపలికి పోయింది.

సంతాప సభలో ఆయన లేని లోటు తీరనిదని అందరూ అన్నారు. నేనూ అదే అంటున్నాను. ఆ ఒక్క మాట చెప్పడానికి ఈ భూమ్మీద ఆయన తప్ప మరో మనిషి పనికిరాడు. నన్ను ఆటో దాకా సాగనంపడానికి వచ్చిన కమ్లి దారిలో ఆగిపోయింది. "సారు ఇంకొక్క రోజు బతికుంటే బాగుండు సరోజా," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకొని భోరుమని ఏడ్చింది. నరహరి సార్ పోయినందుకు అంతలా ఏడ్చిన మనిషిని నేను ఇంకెవరినీ చూడలేదు.