నాయన రక్తపోటు, నేను సగమే చెప్పిన పాఠం

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేను. వంశపారంపర్యం పాఠం విన్న వారంలోనే, మాకు తెలియని రహస్యమేదో దొరికినట్టు నాయనకు చెప్పాను. తాతకు రక్తపోటు ఉండేది, పక్షవాతంతో పోయాడు. నాయనకూ, గార్లదిన్నె దగ్గర పల్లెలో ఉండే మేనత్తకూ అదే వచ్చింది. "ఇది మన రక్తంలోనే ఉంది నాయనా" అన్నాను. ఆయన తల ఊపాడు.

ఆ తర్వాత ఆయన రక్తపోటు మాత్రలు మానేశాడని నాకు రెండేళ్ల దాకా తెలియలేదు. కరోనా రెండోసారి విజృంభించినప్పుడు నాయనకు జ్వరం వచ్చింది. ఐదో రోజుకు నాలుగడుగులు వేస్తేనే ఆయాసపడసాగాడు. ఆసుపత్రిలో నర్సమ్మ ఆయన చేతికి రక్తపోటు చూసే పట్టీ చుట్టి, ఒకసారి చూసి, నమ్మనట్టు మళ్లీ చూసింది.

"మాత్రలు మింగుతాండావా పెద్దాయనా?"

"నిలిపేసి రెండేండ్లాయ."

"ఎవరు నిలపమన్నారు?"

నాయన దగ్గు ఆపుకుని నన్ను చూపించాడు. "మా పాపే. రక్తంలో ఉండాదని చెప్పింది. రక్తంలో ఉండేదాన్ని మాత్ర యాడికి తరుముతుంది?"

"ఏం చదివినావమ్మా?" అని నర్సమ్మ నన్నడిగింది.

"జంతుశాస్త్రం."

"సరిపాయ. జంతువులకు చెప్పినట్టే చెప్పినావు."

ఆయన ఆరు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఆ రోజుల్లో బతుకుతాడో లేదో ఎవరూ చెప్పలేకపోయారు. అదే వారం మేనత్తకూ జ్వరం వచ్చి, ఇంట్లోనే తగ్గింది. ఆమె రోజూ మాత్ర వేసుకుంటుంది, కూలికి నడిచి వెళ్తుంది. నాయన మాత్రం వానలు లేక వేరుశనగ సేద్యం వదిలి, తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలాకు కుర్చీలో కూర్చుని బీడీలు కాల్చేవాడు. తేడా అదేనా అని డాక్టరును అడిగాను. రక్తపోటు అదుపులో లేనివారికి ఇలాంటి జబ్బు ముదిరే అవకాశం ఎక్కువని, అయినా ఇద్దరిని చూసి తీర్పు చెప్పకూడదని, మేనత్త వయసులోనూ చిన్నదని ఆయన అన్నాడు.

ఏడో రోజు ఆక్సిజన్ తీసేశారు. అప్పుడు నాయన పక్కన కూర్చున్నాను.

"నాయనా, నేను ఆ పొద్దు చెప్పింది సగమే."

"మిగతా సగమేంది?"

తాత నుంచి వచ్చినదాన్ని మార్చలేమని, ఉప్పు, బీడీ, నడక, మాత్ర మాత్రం మన చేతిలోవేనని చెప్పాను.

"అయితే మీ తాత మీద తోసేసి తప్పించుకునేదానికి లేదంటావు."

"లేదు."

"మరి నీదీ మా రక్తమే గదా. నువ్వెప్పుడన్నా చూపిచ్చుకున్నావా?"

చూపించుకోలేదు. ఆయన నర్సమ్మను పిలిచి నాకు కూడా చూడమన్నాడు. నాకు ఇరవై రెండేళ్లు. రక్తపోటు ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువే ఉంది. ఆ సాయంత్రం తనకు ఉప్పు తగ్గించి తెచ్చిన జావలో సగం నాయన నాకు పోసి, నేను తాగేదాకా గ్లాసు వైపే చూస్తూ ఉన్నాడు.