పొట్టి గోపురం మేస్త్రమ్మ

ఆ పెద్ద చర్చికి ముందువైపు రెండు గోపురాలు. ఒకటి మబ్బుల్లోకి వెళ్ళింది, రెండోది దాని భుజం దాకా వచ్చి ఆగిపోయింది. ‘నిధులు చాలక నిలిచిపోయినది’ అని వాకిట్లో చరిత్ర పలక చెబుతుంది. ఆ పలక కనబడితే మేస్త్రమ్మకి ఒళ్ళు మండుతుంది.

మేస్త్రీ పని చేసే తండ్రి కాలు విరిగి మంచాన పడినప్పుడు ఆమె తాపీ పట్టి పరంజా ఎక్కింది. ఆడదానికి ఇదేం పనని జనం ముక్కున వేలేసుకున్నారు, వెక్కిరింతగా ‘మేస్త్రమ్మ’ అన్నారు. ఆమె గోడలు నిటారుగా నిలబడేసరికి వెక్కిరింత పోయి పిలుపు మిగిలింది. మొనదేలిన కమానుల్లో సున్నం రాలినా, గుండ్రటి రంగుటద్దాల కిటికీ చుట్టూ రాళ్ళు వదులైనా ఆమెకే కబురు. పొట్టి గోపురానికి మాత్రం పగుళ్ళు పూడుస్తుందే కానీ పైన ఒక్క రాయి పెట్టదు.

గోపురం లేస్తున్న రోజుల్లో అక్కడే పరంజా కూలిపోయి, సున్నం తట్ట మోస్తున్న ఆమె ముత్తవ్వ చనిపోయింది. మేస్త్రీలందరూ తాపీలు పడేసి దిగిపోయారు. ఎంత బతిమాలినా మళ్ళీ ఎక్కలేదు. ఈ సంగతి ఆ ఇంట్లో చంటిపిల్లలకి కూడా తెలుసు, పలకకే తెలియదు.

ఇప్పుడు చర్చి నూరేళ్ళ వేడుకకి గోపురం పూర్తి చేయాలని పెద్దలు తీర్మానించారు. పని మేస్త్రమ్మకే ఇచ్చారు. తమ్ముడి కాళ్ళు నేల మీద ఆగలేదు.

“అక్కా, ఏళ్ళ తరబడి పని. దండం పెడతా, అడ్డం తిరగకు.”

“తిరిగేశాను.”

“నువ్వు కాకపోతే ఇంకొకళ్ళు కడతారు.”

“కట్టమను. ముందు నన్ను కిందికి దింపాలిగా.”

అన్నంత పనీ చేసింది. రాళ్ళ బండ్లు వచ్చేసరికి పొట్టి గోపురం నెత్తిన మఠం వేసుకుని కూర్చుంది. తమ్ముడి నోట ముత్తవ్వ సంగతి విన్న ఫాదరుగారు వాణ్ణి వెంటబెట్టుకుని, మెలికల మెట్లెక్కి, రొప్పుతూ వచ్చారు. ఆయన చెడ్డవాడేం కాదు.

“సరేనమ్మా, పై రాయి మీద మీ ముత్తవ్వ పేరు చెక్కిద్దాం. ఏం పేరు?”

మేస్త్రమ్మ తమ్ముడి వైపు చూసింది. వాడు తల దించుకున్నాడు. ఇంటిల్లిపాదీ ముత్తవ్వ అనే అన్నారు కానీ, ఆ మనిషికి ఒక పేరుండేదని ఎవరికీ తట్టలేదు. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి.

“పేరే తెలియకపోతే ఏం చెక్కమంటావు?” అన్నారు ఫాదరుగారు మెల్లగా.

“గంటలిచ్చినాయన పేరు రాసుకున్నారు ఫాదర్, అద్దాలిచ్చినాయన పేరు రాసుకున్నారు. ఆమె పేరు మీరు రాసుకోలేదు, మేమూ గుర్తుపెట్టుకోలేదు. ఆమె కోసం ఈ లోకంలో మిగిలింది ఈ ఖాళీ ఒక్కటే. ఇది కూడా పూడ్చేయమంటే నా చేత కాదు. నేను దిగను.”

ఫాదరుగారి వెనక నిలబడ్డ తమ్ముడు ముందుకొచ్చి అక్క పక్కన కూర్చున్నాడు.

“రాళ్ళ బండ్లు వెనక్కి పంపేయండి ఫాదర్” అన్నాడు.