అక్క చుట్టిన రంగుల కండె

మా చిన్నప్పుడు... మెట్‌పల్లిలో బాపు మగ్గం నేస్తుంటే అక్కా నేనూ పక్కన కూర్చుని, పడుగు మధ్య అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు చుట్టేవాళ్ళం. నిజాం రాజ్యం పోయి అప్పటికి కొన్నేళ్ళయింది గానీ మా ఇంట్లో బాపు రాజ్యం పోలేదు. చెప్పినట్టు చేస్తే బువ్వ, లేకపోతే బడితెపూజ.

ఆడపిల్ల మగ్గమెక్కితే ఇంటికి అరిష్టమనేవారు. పదమూడేళ్ళ మా అక్కకేమో ఒక్కసారైనా ఎక్కాలని పిచ్చి ఆశ. నేను బుద్ధిమంతుణ్ణి... అంటే, సొంత బుద్ధి లేనివాణ్ణి.

ఒకరోజు బాపు నేస్తున్న తెల్ల తువ్వాల మీద ఉన్నట్టుండి ఎర్ర చుక్కలు, పచ్చ చుక్కలు పడసాగాయి. పారేసిన రంగునూలు ముక్కలు ఏరి, ముడేసి, అక్క కండెలో చుట్టింది. తెలియకుండా పైన తెల్లనూలు కప్పింది. పండిన మిరపచేనులా ఎంత బాగుందో!

"ఎవలు చుట్టిండ్రిది?" బాపు అరిచాడు.

ఆయన నోరు మూయకముందే నా వేలు అక్కవైపు తిరిగింది.

చేతిలోని నాడెతోనే కొట్టాడు, ఆమె వేళ్ళ మీద. నాడె కొసకు ఇనుప మొన ఉంటుంది... రక్తం వచ్చింది. అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి దగ్గరి నుంచి లేవలేదు. నేను నవ్వాను. అవును, నవ్వాను.

మర్నాడు ఆ నేత విప్పకముందే, మా బట్ట కొనే సేటు వచ్చాడు. "మస్తుగుందయ్యా! ఎవలి పని?" అన్నాడు.

"నాదే సేటూ" అన్నాడు బాపు, తడుముకోకుండా.

ఇక ఇంటినిండా అవే తువ్వాలలు. వేళ్ళకు గుడ్డపేలిక చుట్టుకుని అక్కే ఆ కండెలన్నీ చుట్టింది. ఓ పొద్దున ధైర్యం చేసి, "బాపూ, నడుమ జర పసుపు ఏస్తే ఇంకా మంచిగుంటది... ఒక్కపారి నన్ను కూసోనియ్యి, నేసి సూపిస్త" అంది.

"సేటు జూసిన లెక్కనే ఉండాలె. ఒక్క పోగు మారితే ఏళ్ళు ఇరగ్గొడ్త!"

ఆ ఏడే బాపు మగ్గం మీద నన్ను కూర్చోబెట్టాడు. "పోరడు చెప్పినట్టు చేస్తడు" అని మురిసిపోయాడు. అక్క కనిపెట్టిన చుక్కల్ని నేను వందల తువ్వాలల మీద నేశాను, మెప్పు పొందాను. ఒక్క కొత్త చుక్క నాకు తోచలేదు. కొత్తగా తోచడానికీ, చెప్పింది చేయడానికీ తేడా ఏమిటంటే... మా ఇంట్లో మొదటిదానికి దెబ్బలు, రెండోదానికి మగ్గం.

అక్క పెళ్ళయి వెళ్ళిన ఇంట్లోనూ కండెలే చుట్టింది.

మొన్న ఆమె దగ్గరికి వెళ్ళాను. మనవరాలు కాగితం మీద ఏనుగు గీసి ఆకుపచ్చ రంగు వేస్తోంది. "ఏనుగు గట్లుంటదా? చెప్పినట్టు చెయ్యి!" అంటూ అక్క ఆ చిన్న వేళ్ళ మీద ఒక్కటిచ్చింది. ఆ పిల్ల ఏడవలేదు. "నా ఏనుగు నా ఇష్టం" అని ఇంకో రంగు తీసుకుంది. మా కాలంలో ఆ మాట అనడానికి అక్కకు నోరు లేదు... ఉన్న ఒక్క తోడూ నేనే, ఆ నేనే ఆమెవైపు వేలు చూపించాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి అక్కలు, అన్నలు ఉండే ఉంటారు... వాళ్ళ గురించి రాయండి. కొట్టినవాళ్ళ సంగతి సరే, పక్కన నిలబడి మీరేం చేశారో కూడా రాయండి.