అమ్మ మాట ఇంగ్లిషు అక్షరాల్లో

దంతాలపల్లి దగ్గర ఒక చిన్న బడిలో నేను ప్రధానోపాధ్యాయురాలిని. పిల్లల హాజరుకు ఒక వెబ్‌సైటు, మధ్యాహ్న భోజనానికి ఒకటి, పుస్తకాలకు ఒకటి, మా సెలవులకు ఇంకొకటి. దేని పాస్‌వర్డ్ దానిదే. అన్నీ ఒక నోటుబుక్కులో రాసి, కొట్టేసి, మళ్లీ రాసేదాన్ని. ఒకరోజు తోటి ఉపాధ్యాయుడు ఆ పేజీ చూసి తల పట్టుకున్నాడు.

“మేడం, గిట్ల రాస్తే ఎవలన్న చూస్తరు. పాస్‌వర్డ్ మేనేజర్ పెట్టుకోండ్రి. ఒక్కటి యాదుంచుకుంటె సాలు, మిగిలినయన్ని గదే దాస్తది.”

రెండు ఆదివారాలు వెతికాను. ఒకటి ఫోన్‌లో పనిచేసింది గాని, బడి కంప్యూటర్‌లో మొరాయించింది. ఇంకోటి రెండింటిలోనూ నడిచింది, దాన్నే పెట్టుకున్నాను. దాన్ని తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్ పొడవుగా ఉండాలంది. అమ్మ నన్ను చూసినప్పుడల్లా అనే మాట తట్టింది: “ఏంది బిడ్డా, గింత బక్కగైనవ్?” దాన్నే ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాను. సైట్ల పాస్‌వర్డులన్నీ యాప్‌లోకి ఎక్కించి, నోటుబుక్కులో ఆ పేజీ చించేశాను. ఆ తర్వాత ఫోన్‌లోనూ, దాని ద్వారా బడి కంప్యూటర్‌లోనూ అంతా వేలిముద్రే. మళ్లీ టైపు చేసే పని పడలేదు.

వేసవి సెలవుల్లో ఫోన్ పాడైతే కొత్తది కొన్నాను. బడి తెరిచిన రోజు యాప్ మాస్టర్ పాస్‌వర్డ్ అడిగింది. కొట్టాను. తప్పంది. ‘బిడ్డా’ చివర ‘ఏ’ ఒకటా, రెండా? ‘గింత’లో ‘టీ’ పక్కన ‘హెచ్’ ఉందా? చివరిది ‘వీ’యా, ‘డబ్ల్యూ’నా? ముప్పైసార్లు కొట్టి, ఏడుపొచ్చేంత కోపంతో జనగామలో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను.

“అవ్వా, నన్ను జూస్తె ఏమంటవో ఒక్కసారి అను.”

“గదేం అడుగుడు బిడ్డా? పానం మంచిగున్నదా?” అని ఆమె కంగారుపడింది. సంగతి చెప్పాను. “నేననేది నోటితోని. రాసింది నువ్వు. నన్నడిగితె ఎట్ల?” అంది.

కంపెనీకి మెయిల్ పెట్టాను. మీ పాస్‌వర్డ్ మాకూ తెలియదు, మేమూ తెరవలేం అన్నారు.

ఇక ఒక్కో సైటులో ‘మరచిపోయాను’ నొక్కుతూ కూర్చున్నాను. భోజనాల సైటులో ఇంకా నాకు ముందు పనిచేసినాయన నంబరే ఉంది. ఆయన భూపాలపల్లికి బదిలీ అయ్యాడు. ఓటీపీ ఆయనకే పోతుంది.

“జర ఆగుండ్రి మేడం, క్లాసుల ఉన్న,” అనేవాడు. ఆయన బయటికొచ్చి అంకెలు చదివేసరికి గడువు దాటేది. మూడుసార్లు అలాగే అయింది. నాలుగోసారి పిల్లలకు ఏదో రాయమని చెప్పి వరండాలోకి వచ్చి, ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు తెరుచుకుంది.

నాలుగు రోజులు పట్టింది అన్నీ చక్కబడడానికి. అదే యాప్‌లో కొత్త ఖాతా తెరిచి, దానికి పాఠ్యపుస్తకంలోని నాలుగు ఇంగ్లిషు మాటలు పెట్టి, కాగితం మీద రాసి బీరువాలో దాచాను. యాప్ బాగానే పనిచేస్తోంది. తెరిచిన ప్రతిసారీ నాకు చిరాకు మాత్రం వేస్తూనే ఉంది.