కాళ్లందని ఇటలీ బండి

పోయినవి ముందు చెబుతాను. ఎడమ అద్దం, క్లచ్ లివరు కొస, మోకాలి మీద తోలు, ఒక కొత్త చెప్పు, ఒక చూడి గొర్రె. ధైర్యం కూడా పోయిందనాలి. అది మొదట ఎంత ఉండేదో తెలియదు కాబట్టి లెక్కలో వేయలేదు.

నేను ప్రొద్దుటూరులో బట్టల అంగడి పద్దులు రాస్తాను. పులివెందులలో ఒక కాంట్రాక్టరు తన ఇటలీ మోటారు సైకిలు అమ్ముతున్నాడని తెలిసి, ఏళ్లుగా దాచిన డబ్బుతో వెళ్లాను. ఎర్రగా, పొడుగు కాళ్ల మిడతలా ఉంది. టైర్ల అరుగుదల, చైను ధర, ఇన్సూరెన్సు అన్నీ లెక్కగట్టి బేరమాడాను. నన్ను మాత్రం కొలుచుకోలేదు. సీటు ఎత్తు ముప్పైనాలుగు అంగుళాలు, నా కాలు ఇరవై తొమ్మిది. ఆయన ఇంటి మెట్టు మీద నుంచి ఎక్కడంతో అది తెలియలేదు.

“కుడిచెయ్యి ఊరికే తాకితే సాలప్పా, అదే పోతాది,” అన్నాడాయన.

“పొయ్యేది సరే, నిలబెట్టేదెట్ల?”

“నిలబెట్టేకి ఎవురు కొంటారప్పా దీన్ని!”

నిమ్మకాయలు తొక్కించి గేటు దాటాక, మొదటి మలుపులో ఆగబోతే కాలికి నేల తగల్లేదు. ఎలాగో నిలదొక్కుకున్నాను. ఇక వేగం కన్నా ఆగడమంటేనే భయం. మణికట్టు కాస్త తిరిగినా బండి ముందుకు దూకేది. ముద్దనూరు దాటాక రోడ్డు పక్కన కడప బండల దొంతరలు కనిపించాయి. వాటి పక్కన ఆపి, బండ మీద కాలు పెట్టి ఊపిరి పీల్చుకున్నాను.

జమ్మలమడుగు దగ్గరపడేసరికి దొంతరలు లేవు, గొర్రెల మంద ఉంది. బ్రేకు చక్కగా పట్టింది. బండి నిలిచింది. ఎడమ కాలు నేల కోసం దిగుతూనే పోయింది. నేనూ బండీ పక్కనున్న గొర్రె మీద పడ్డాం.

కాపరి ముసలాయన ముందు నన్ను లేపాడు, తర్వాత గొర్రెను చూశాడు.

“కాలందని గుర్రం ఎందుకెక్కితివప్పా? ఇది సూడిది. రెండు పాణాలు పాయ.”

ఇరవై వేలన్నాడు. అది న్యాయమైన ధరే. జేబులో పదకొండు వేలే ఉన్నాయి. నాకు లెక్క కుదరకపోతే నోట్లు ఆయనే లెక్కపెట్టుకున్నాడు.

“మిగిలింది రేపు తెస్తా. యాడుంటావు?”

“గడ్డి యాడుంటే ఆడ. మైలవరం పక్క అడుగు.”

నేను ఎక్కేదాకా బండిని ఆయనే పట్టుకున్నాడు.

మర్నాడు బస్సులో మైలవరం వెళ్లాను. మంద కదిలిపోయింది. ఆ తర్వాత కూడా చాలాసార్లు వెతికాను. బండి మా మెట్టు పక్కనే ఉంది. ఎక్కి, స్టార్టు చేసి, శబ్దం విని, దిగిపోతాను. ఆ ముసలాయనకు ఇవ్వాల్సింది తొమ్మిది వేలు.