అక్క కాలిగడ్డను మోసుకుపోయిన రోజు

దయ్యం పట్టిందని ఎవరన్నా అంటే, ముందు రక్తపరీక్ష చేయించమని చెప్పే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. ఈ ఒక్క సంగతే మింగుడుపడదు.

మా అక్క ధర్మవరంలో పట్టుచీరలు నేస్తుంది. రెండేళ్ల కిందట ఆమె పిక్కలో గడ్డ లేచింది. సార్కోమా అన్నారు, కండలో పుట్టే క్యాన్సర్. కాలే తీసేస్తారేమో, ఇంక మగ్గం తొక్కేదెట్లా అని అక్క ఏడ్చింది. చివరికి హిందూపురం ఆస్పత్రిలో గడ్డ తీసి, వీపు నుంచి కండ, చర్మం తెచ్చి ఆ గుంతలో అతుకుతామన్నారు.

గడ్డ తీసినాక నన్ను పిలిచి ట్రేలో చూపించారు. నిగనిగలాడే తెల్లటి ముద్ద, చుట్టూ పచ్చటి కొవ్వు, పైన అక్క చర్మం. దాని మీద అక్క పుట్టుమచ్చ. 

లోపల అతుకు ఆపరేషన్ నడుస్తుండగానే, ఆ ముద్దను మందునీళ్ల డబ్బాలో పెట్టి, అనంతపురం ల్యాబులో ఇవ్వమన్నారు. బావ ఆస్పత్రిలో ఉండిపోయాడు. నేను బస్సెక్కాను.

డబ్బా ఒళ్లో పెట్టుకుంటే, బస్సు కుదిపినప్పుడల్లా ముద్ద అటూ ఇటూ తగిలేది నా తొడకు తెలిసేది. పెనుకొండలో ఒకామె ఎండుచేపల బుట్టతో ఎక్కి, దాన్ని నా కాళ్ల దగ్గర పెట్టింది. ఇక పట్టుకోలేక డబ్బా సంచిని కూడా కింద, ఆ బుట్టకు ఆనించి పెట్టేశాను. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. డబ్బాను చేపల పక్కన పెట్టిన సంగతి ఎవరికీ ఫోన్లో కూడా చెప్పలేదు.

డబ్బా ఇచ్చి, తిరుగు బస్సులో ధర్మవరంలో దిగి, అక్కవాళ్లింట్లో తలస్నానం చేసి పడుకున్నాను. మరుసటి పొద్దున ఆస్పత్రికి పోతే బావ బయటే ఎదురొచ్చాడు. మెలకువ వచ్చినప్పటి నుంచి అక్క ఒకటే వాంతులంట. చేపల కంపు, చేపల కంపు అంటోందంట. మత్తుమందు వల్ల అట్లా ఉంటుందని నర్సు చెప్పిందంట.

నన్ను చూసి అక్క మెల్లగా అనింది: "ఏమే, నన్ను ఆ ఎండుచేపల పక్కన ఎందుకు పెడితివి?"

యాడ అని అడిగాను.

"కిందనే గదా. నీ కాళ్లకాడ."

తర్వాత అడిగితే ఆ మాటలేవీ ఆమెకు గుర్తులేవు.

రిపోర్టు మంచిగానే వచ్చింది. గడ్డ ఏమీ మిగలకుండా వచ్చేసిందన్నారు. అక్క మళ్లీ మగ్గం తొక్కుతోంది. పిక్క మీద వీపు చర్మం మెత్తగా, ఉబ్బుగా ఉంటుంది. నూనె రాయమంటే రాస్తాను గానీ, ఆ పూట నాకు అన్నం పోదు.

అక్కకు ఎట్లా తెలిసిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. పరీక్షకు పోగా మిగిలిన ముక్కను కొన్నాళ్లుంచి కాల్చేస్తామని ల్యాబులో చెప్పారు. ఎప్పుడు కాల్చారో నేను కనుక్కోలేదు. ఎప్పుడన్నా ఒళ్లు కాలినట్టు అనిపించిందా అని అక్కనూ అడగలేదు.