నా నీళ్ళు నేనే మోసుకుంటాను

నా కుడి మోచెయ్యి పూర్తిగా చాపుకోదు. చిన్నప్పుడు తణుకులో అద్దె సైకిలు మీంచి పడ్డాను. కట్టు కట్టినాయన ఎముక అతుక్కుంటే చాలనుకున్నాడు, తిన్నగా అతుక్కుందా లేదా అని చూడలేదు. చెయ్యి బాగానే పనిచేస్తుంది. రాస్తాను, వండుతాను, ఆఫీసులో రోజంతా కీబోర్డు కొడతాను. కాని చాపమంటే మాత్రం మధ్యలోనే ఆగిపోతుంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో నాకు సైకిలు నిషేధం. ఆ నిషేధం ఎవరూ ఎత్తెయ్యకుండానే నాకు పెళ్ళయింది, పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయ్యారు, మావారి ఉద్యోగంతో దోహా వచ్చి నేనూ ఒక కంపెనీలో అకౌంట్స్‌లో చేరాను. యాభైకి దగ్గరపడుతుండగా ఇక నేనే ఎత్తేశాను. మౌంటెన్ బైక్ కొనుక్కున్నాను.

"కొండల్లేని దేశంలో కొండ సైకిలెందుకు నీకు?" అన్నారు మావారు.

"రాళ్ళున్నాయిగా" అన్నాను.

నిజంగానే ఉన్నాయి. దోహా దాటి జెక్రీత్ వైపు వెళితే నేలంతా సున్నపురాయి. ఎగుడుదిగుళ్ళు, పదునైన అంచులు, మధ్యలో మెత్తటి ఇసుక. చలికాలం శుక్రవారాల్లో మనవాళ్ళ గుంపు ఒకటి పొద్దున్నే అక్కడ సైకిళ్ళు తొక్కుతుంది. అందులో చేరాను. గుంపుని నడిపించేది ఒక హైదరాబాద్ అబ్బాయి. నాకన్నా చాలా చిన్నవాడు, సైట్ ఇంజనీరు. అందరూ అతన్ని కెప్టెన్ అంటారు.

మొదటి శుక్రవారమే గొడవొచ్చింది. సైకిలుతో పాటు షాపువాళ్ళు ఊరికే ఇచ్చిన నల్లటి ప్లాస్టిక్ బాటిల్ హోల్డర్ ఒకటి ఉంది. ఫ్రేములో కిందికి వాలిన గొట్టానికి బిగించి ఉంటుంది. అందులోంచి బాటిల్ పైకి లాగితేనే వస్తుంది. నేను పొట్టిదాన్ని, నా సైకిలూ పొట్టిదే. పైకి లాగుదామంటే పై గొట్టం అడ్డం. కాస్త వంచి, మెలిపెట్టి లాగాలి. నా కుడిచెయ్యి అంత కిందికి అందనే అందదు. ఎడమ చేత్తో లాగాను. బాటిల్ పై గొట్టానికి కొట్టుకుని, చేతిలోంచి జారి, వెనకాల వస్తున్నతని చక్రం ముందు పడింది. అతను బ్రేకు వేశాడు. అతని వెనకవాళ్ళందరూ వేశారు. వరసంతా ఆగిపోయింది.

కెప్టెన్ నడుచుకుంటూ వచ్చి, బాటిల్ తీసి, తన టీషర్టుతో దుమ్ము తుడిచి ఇచ్చాడు.

"అక్కా, మీరు పరేషాన్ కాకండి. వచ్చే వారం నుంచి మీ బాటిల్ మన ఎనక వచ్చే కారుల పెడదాం. లేడీస్‌వి, పిల్లలవి అన్నీ అండ్లనే ఉంటయి. కారు ఆగిన కాడ మీరూ ఆగి తాగితే అయిపాయె."

ఎంతో మంచిగా అన్నాడు. తిట్టినవాడితో పోట్లాడొచ్చు. దయ తలచినవాడితో ఎలా పోట్లాడాలో నాకు తెలీదు. అయినా నోరు ఊరుకోలేదు.

"వద్దు బాబూ. నా నీళ్ళు నేనే మోసుకుంటాను."

వెనకాల ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఇంటికొచ్చేదాకా నాతోనే ఉంది.

మావారికి చెబితే, "అసలు తొక్కుతూ తాగడమెందుకు? ఓ పక్కన ఆగి తాగితే ఏం పోతుంది?" అన్నారు. సబబైన ప్రశ్నే. నేనూ చాలాసేపు ఆలోచించాను. ఆగి తాగితే ఏమీ పోదు. కాని నేను ఆగితే "ఆవిడ ఆగింది" అని అందరూ ఆగుతారు. కెప్టెన్ వెనక్కొస్తాడు. బాగున్నారా అంటాడు. కాసేపటికి నన్ను కారు పక్కన తొక్కమంటారు. ఇంకొన్నాళ్ళకి కారులోనే కూర్చోమంటారు. ఇవన్నీ నాకు కొత్త కాదు. బళ్ళో ఆటలప్పుడు "నీ చెయ్యి బాలేదుగా, నువ్వు అందరి చెప్పులూ చూస్తూ కూర్చో" అన్నారు. చెప్పుల దగ్గర చాలాకాలమే కూర్చున్నాను.

వీపుకి తగిలించుకునే నీళ్ళ సంచీ కొనమని అందరూ చెప్పారు. లోపల నీళ్ళుంటాయి, భుజం మీంచి గొట్టం నోటి దాకా వస్తుంది, చెయ్యి తియ్యక్కర్లేదు. మావారే తెచ్చిచ్చారు. ఒక పట్టీ తేలిగ్గానే ఎక్కింది. రెండో పట్టీలోకి కుడిచెయ్యి దూర్చాలంటే వెనక్కి చాపాలి. అద్దం ముందు నిలబడి చాలా అవస్థ పడ్డాను. చివరికి మావారు వచ్చి, పిల్లలకి స్కూలు బ్యాగు తగిలించినట్టు తగిలించి, ముందు క్లిప్పు కూడా పెట్టారు.

"చూశావా, అయిపోయింది!" అన్నారు.

"ఎడారిలో విప్పితే మళ్ళీ ఎవరు తగిలిస్తారు?"

"ఎవరో ఒకరు సాయం చేస్తార్లే."

"ఆ ఎవరో ఒకరే నాకు వద్దు" అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. బాధేసింది గాని మాట వెనక్కి తీసుకోలేదు.

సాయంత్రం ఉమ్ ఘువైలినాలో ఉన్న సైకిలు షాపుకి వెళ్ళాను. షాపతను మలయాళీ, హిందీలో మాట్లాడతాడు. నేను చెప్పింది సగం వినగానే హ్యాండిల్‌కి కట్టుకునే గుడ్డ సంచీ ఒకటి తీసి కౌంటర్ మీద పెట్టాడు. లేడీస్ అందరూ ఇదే తీసుకుంటారన్నాడు. తీసుకెళ్ళి వాడి చూశాను. బాటిల్ చేతికి చక్కగా అందేది. కాని రాళ్ళ మీద లేచి నిలబడి తొక్కినప్పుడల్లా మోకాలు దానికి తగిలేది. రెండు శుక్రవారాలకే మోకాలు కమిలిపోయింది. తిరిగి ఇచ్చేశాను. సీటు వెనకాల పెట్టేది చూపించాడు. దాన్ని చూడకుండా వెనక్కి చెయ్యి పెట్టి తియ్యాలి, చూడకుండానే మళ్ళీ పెట్టాలి. వద్దన్నాను.

"మాడమ్, మీకు ఏదీ నచ్చదు" అన్నాడు.

"నచ్చకపోవడం కాదు, నాకు సరిపోవాలి."

గోడకి వేలాడుతున్నవన్నీ నేనే ఒక్కొక్కటీ దింపి చూడటం మొదలుపెట్టాను. ఒకదానికి ఒక పక్క గోడ లేదు. బాటిల్‌ని పైకి లాగక్కర్లేదు, పక్కకి జరిపితే వచ్చేస్తుంది. సైకిలు దగ్గరికి తీసుకెళ్ళి, ఫ్రేములో పెట్టి పట్టుకుని, సీటెక్కి చూశాను. పై గొట్టం అడ్డం రాలేదు. కాని తెరుచుకునేది కుడివైపుకి.

"ఎడమవైపుకి తెరుచుకునేది కావాలి."

"మాఫీ, లేదు. అది ఎవరూ అడగరు."

"నేను అడుగుతున్నాను కదా."

"అందరూ కుడిచేత్తోనే తాగుతారు మాడమ్."

నేను కుడిచెయ్యి ఎత్తి, ఎంతవరకు చాపుకుంటుందో అంతవరకూ చాపి చూపించాను. ఎవరైనా చూస్తారేమోనని ఇన్నేళ్ళూ పొడుగు చేతుల జాకెట్లు కుట్టించుకున్నదాన్ని. ఆ షాపులో నిండా జనం ఉన్నారు. అతను ఒక్క క్షణం చూసి తల దించుకుని, "సారీ మాడమ్" అన్నాడు.

"సారీ వద్దు. తెప్పించండి."

తెప్పించాడు. అల్యూమినియంది. మొదటిసారి రాళ్ళ మీదికి వెళ్ళగానే బాటిల్ ఎగిరి పడింది. షాపతను "నేను ముందే చెప్పాను" అన్నాడు, చెప్పకపోయినా. నేను ఇంటికొచ్చి హోల్డర్‌ని రెండు చేతులతో పట్టుకుని లోపలికి కాస్త కాస్త వంచి బిగువు చేశాను. ప్లాస్టిక్‌దైతే వంగదు, విరుగుతుంది. పొడుగు బాటిల్ మానేసి పొట్టిగా, లావుగా ఉన్నది పట్టుకొచ్చాను. పాత ట్యూబు ముక్క కోసి దానికి ఉంగరంలా తొడిగాను, జారకుండా.

తరువాత అల్ హిలాల్‌లో మా బిల్డింగ్ వెనక ఖాళీ స్థలంలో రోజూ సాయంత్రం నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఎడమచెయ్యి వదిలితే కుడిచెయ్యి ఒక్కటే సైకిలుని పట్టుకోవాలి. వంకర చెయ్యి కదా, సైకిలు అటు లాగేది. ఒకసారి గోడకి గుద్దుకున్నాను. ఇంకోసారి పడ్డాను, మోకాలి చిప్ప చెక్కుకుపోయింది. మావారు బాల్కనీలోంచి చూసి కిందికి పరిగెత్తుకొచ్చారు.

"ఇంక చాలు! మళ్ళీ ఆ చెయ్యే విరిగితే?"

"విరిగితే ఈసారి తిన్నగా అతికించుకుంటా."

కోపంగా పైకి వెళ్ళిపోయారు. నేను మళ్ళీ సైకిలెక్కాను. చీకటి పడే వేళకి బాటిల్ తీసి, ఒక గుక్క తాగి, తిరిగి పెట్టగలిగాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నాకు మాత్రం గట్టిగా అరవాలనిపించింది.

ఆ శుక్రవారం బయల్దేరే ముందు కెప్టెన్ అలవాటు ప్రకారం ఆడవాళ్ళ బాటిళ్ళు తీసుకుంటూ నా దగ్గరికొచ్చి చెయ్యి చాచాడు.

"నాది నాతోనే ఉంటుంది" అన్నాను.

"అక్కా, మళ్ళ పడితే?"

"పడితే నేనే ఏరుకుంటాను."

దారిలో తాగాను. మొదటిసారి గడ్డం, మెడ తడిసిపోయాయి. తిరిగి పెట్టబోతే రెండుసార్లు తప్పింది, మూడోసారి కూర్చుంది. గుట్టల దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఆడవాళ్ళు, పిల్లలు చిన్న దారి, మిగిలినవాళ్ళు పెద్ద దారి. నేను హ్యాండిల్ తిప్పకుండా పెద్ద దారిలోకి వెళ్ళిపోయాను. చిన్న దారి వైపు తిరుగుతున్న కడప అమ్మాయొకతె, ఆసుపత్రిలో నర్సు, ఆగి నన్నే చూస్తూ నిలబడింది.

నేను గెలిచానని చెప్పను. అందరికన్నా ఆఖర్న వచ్చాను. రాళ్ళ మీద కొన్నిచోట్ల దిగి నడిపించాను. నీళ్ళు సరిగ్గా సరిపోయాయి. కార్ల దగ్గరికి చేరేసరికి అందరూ నా కోసమే కాచుకుని ఉన్నారు, కొందరు చిరాగ్గా. కెప్టెన్ మొహం ఎర్రబడింది.

"గ్రూపుకి రూల్స్ ఉంటయి అక్కా. పోయిన సంవత్సరం ఒకాయన ఎండకు కళ్ళు తిరిగి పడ్డడు. నేనే మోసుకొచ్చిన. మీకేమన్నయితే మీ ఇంటోళ్ళకు ఎవరు జవాబు చెప్పాలె?"

అతని భయం నాకు అర్థమైంది. అబద్ధం కాదది. అయినా అడిగాను.

"ఆ పడినాయన మగాయనేగా బాబూ? ఆయన్ని చిన్న దారిలో పంపిస్తున్నావా ఇప్పుడు?"

"రూల్ అంటే రూల్ అక్కా" అన్నాడు.

"అయితే నీ రూల్ నీ దగ్గరే ఉంచుకో. నేను శనివారాలు వేరే తొక్కుకుంటాను" అని సైకిలు కారుకెక్కించుకున్నాను. వాట్సాప్ గ్రూపులోంచి నేనే బయటికొచ్చేశాను. అంతమందిలో పలకరింపులు పోయాయి, ఇడ్లీల టిఫిన్లు పోయాయి. ఆ వెలితి ఇప్పటికీ ఉంది.

నాలుగైదు రోజులకి కడప నర్సు ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వు శనివారం పోతావంట గదా. నేనూ వచ్చేదా?"

"రా. కాని నీ నీళ్ళు నువ్వే మోసుకోవాలి. నాకు వయసైంది, నిన్ను మొయ్యలేను."

"నేను నిన్ను మోస్తాలే, నర్సుని" అని పకపకా నవ్వింది.

ఇద్దరం ఒకరి లొకేషన్ ఒకరికి పంపుకుంటాం, మావారికీ పంపిస్తాను. ఎండ ముదరకముందే వెనక్కి తిరుగుతాం. అవి మా రూల్స్, మేమే పెట్టుకున్నాం. ఎక్కడ ఆగాలో కూడా మేమే తేల్చుకుంటాం. దాని మీద ప్రతి వారం గొడవే. ఆమె సముద్రం కనిపించే చోట ఆగుదామంటుంది, నేను ఆ పై గుట్ట ఎక్కాక అంటాను. పోయిన శనివారం ఆమె మాటే నెగ్గింది. గట్టు మీద కూర్చుని ఆమె తెచ్చిన పులిహోర తిన్నాం. ఎదురుగా నీళ్ళు పచ్చగా మెరుస్తున్నాయి. జాకెట్ చేతులు పైకి మడిచేశాను, గాలి మోచేతికి చల్లగా తగిలింది.